క్రాఫ్ట్ బీర్: ల్యాగర్, వీట్, ఐపీఏ, స్టౌట్.. దేని రుచి ఎలా ఉంటుంది? ‘బీరే కదా’ అనుకుంటే ఎక్కడ దెబ్బతింటాం?

సంక్రాంతి వచ్చిందంటే కలిదిండి, కైకలూరు వైపు ఊళ్లకు హైదరాబాద్, బెంగళూరు నుంచి కార్లు వరుసకడతాయి. పండక్కి వచ్చిన కుర్రాళ్లు కోడిపందాల గురించి ఎంత మాట్లాడతారో, ఈమధ్య సిటీలో తాగిన బీర్ల గురించీ అంతే మాట్లాడుతున్నారు. ఒకరు అరటిపండు వాసన వచ్చే బీర్ తాగానంటారు. ఇంకొకరు కాఫీ రుచి వచ్చే నల్ల బీర్ అంటారు. ఊళ్లో బాబాయిలకు మాత్రం ఒకటే డౌటు. "బీరులో అరటిపండు ఏంట్రా? ఎసెన్స్ కలుపుతారా?"

ఎసెన్స్ కలపరు. ఆ వాసన ఈస్ట్ నుంచి వస్తుంది. అసలు క్రాఫ్ట్ బీర్ అంటే ఏంటి? ఎన్ని రకాలున్నాయి? ఏది చేదు, ఏది పులుపు? దేనిలో ఎంత ఆల్కహాల్ ఉంటుంది? అన్నీ ఒకచోట చూద్దాం. ముందుగా ఒక్క మాట. బీర్ పేరు చూస్తే రుచి తెలుస్తుంది, లేబుల్ మీద శాతం చూస్తే మత్తు తెలుస్తుంది. రంగు చూస్తే ఈ రెండూ తెలియవు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

క్రాఫ్ట్ బీర్ అంటే ఏంటి?

పెద్ద ఫ్యాక్టరీలో లక్షల సీసాలు ఒకే రుచితో తయారయ్యేది మామూలు బీర్. చిన్న మోతాదులో, రుచి మీద దృష్టి పెట్టి, రకరకాల పద్ధతుల్లో చేసేది క్రాఫ్ట్ బీర్. తయారుచేసిన చోటే గ్లాసులో పోసి ఇచ్చే చిన్న యూనిట్‌ని మైక్రోబ్రూవరీ అంటారు. అక్కడ టేబుల్ దగ్గర కూర్చుంటే అద్దాల వెనుక పెద్ద స్టీల్ ట్యాంకులు కనిపిస్తాయి. గ్లాసులోకి వచ్చే బీర్ ఆ ట్యాంకుల్లోదే.

మన దేశంలో ఈ ట్రెండ్ మొదలై ఎక్కువ కాలం కాలేదు. పుణెలో డూలాలీ 2009లో, బెంగళూరు ఇందిరానగర్‌లో టోయిట్ 2010లో మొదలయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీ నిబంధనలు తెచ్చింది. ఆ తర్వాతే హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. సీసాల్లో చూస్తే 2015లో వచ్చిన బీరా 91 చాలామందికి మొదటి వీట్ బీర్. ఆ 91 మన దేశం ఫోన్ కోడ్.

కొల్లేటి ఊళ్లలో ఇన్ని రకాలు తెలియకపోవడానికి కారణం కూడా ఉంది. 1995 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఏపీలో 2019 అక్టోబర్ నుంచి ఐదేళ్లు ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబర్ 16 నుంచి మళ్లీ ప్రైవేటు షాపులు వచ్చాయి. ఎవరు అమ్మినా షాపులో ఎక్కువగా కనిపించేది ల్యాగరే, అందులోనూ స్ట్రాంగే. అందుకే మనవాళ్లలో చాలామందికి బీరంటే ఒకటే రుచి.

బీరులో ఉండేవి నాలుగే

నీళ్లు, మాల్ట్, హాప్స్, ఈస్ట్. ప్రపంచంలో ఎన్ని రకాల బీర్లున్నా దాదాపు అన్నిటికీ పునాది ఇవే.

- మాల్ట్: బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తగానే వేడితో ఆరబెడతారు. అదే మాల్ట్. తక్కువ వేడిలో ఆరబెడితే బిస్కెట్ వాసన, ఎక్కువ వేయిస్తే కాఫీ, చాక్లెట్ వాసన. బీర్ రంగు కూడా దీన్నిబట్టే వస్తుంది.
- హాప్స్: ఒక తీగకు కాసే ఆకుపచ్చ పువ్వులు. బీరులో చేదు వీటిదే. నిమ్మ, మామిడి, పైన్ చెట్టు లాంటి వాసనలు కూడా వీటి నుంచే వస్తాయి. బీర్ త్వరగా పాడవకుండా కాపాడతాయి. మన దగ్గర ఎక్కువగా విదేశాల నుంచి తెప్పిస్తారు.
- ఈస్ట్: కంటికి కనిపించని జీవి. చక్కెర తిని ఆల్కహాల్, గ్యాస్ వదులుతుంది. రకాన్నిబట్టి పండ్ల వాసన, లవంగం వాసన కూడా ఇస్తుంది.
- నీళ్లు: గ్లాసులో 90 శాతం పైనే ఉండేవి ఇవే. నీటిలోని ఉప్పులు మారితే బీర్ రుచి కూడా మారుతుంది.

జర్మనీలోని బవేరియాలో 1516లో వచ్చిన చట్టం ప్రకారం బీరులో నీళ్లు, బార్లీ, హాప్స్ తప్ప ఇంకేమీ వాడకూడదు. అప్పటికి ఈస్ట్ అనేది ఒకటుందని ఎవరికీ తెలియదు కాబట్టి చట్టంలో దాని పేరే లేదు. ఇప్పుడు మన పెద్ద కంపెనీల ల్యాగర్లలో బార్లీతోపాటు బియ్యం కూడా వాడతారు. బియ్యం పడితే బీర్ పలచగా, తేలిగ్గా ఉంటుంది.

కల్లు తెలిస్తే బీర్ సగం తెలిసినట్టే

చెరువు గట్ల మీద తాటిచెట్లున్న ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. తాటి గెల గీస్తే కారే రసంలో చక్కెర ముందే ఉంటుంది. గాలిలో, లొట్టిలో ఉండే ఈస్ట్ దాన్ని గంటల్లోనే పులియబెడుతుంది. అందుకే పొద్దున దించిన కల్లు తియ్యగా, మధ్యాహ్నానికి ఘాటుగా, మర్నాటికి వెనిగర్‌లా పుల్లగా ఉంటుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది. అప్పుడు దాన్ని నీరా అంటారు.

బార్లీ గింజలో అలా కాదు. అందులో ఉండేది పిండిపదార్థం, దాన్ని ముందు చక్కెరగా మార్చాలి. అందుకే మాల్ట్‌ని మరపట్టి సుమారు 65 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచుతారు. వచ్చిన తియ్యటి నీళ్లను వడకట్టి, హాప్స్ వేసి మరగబెట్టి, చల్లార్చి, కావాల్సిన ఈస్ట్‌ని కొలిచి వేస్తారు. కల్లులో ఈస్ట్ దానంతటదే వచ్చి చేరుతుంది. బీరులో మనిషి ఎంచుకుని వేస్తాడు. ఆ ఎంపిక మారితే రుచి మారిపోతుంది. బెల్జియంలో లాంబిక్ అనే బీర్ మాత్రం గాలిలోని ఈస్ట్ మీదే ఆధారపడుతుంది. దాని పులుపు తగిలితే కల్లు తాగినవాళ్లకు కొత్తగా అనిపించదు.

ఏల్, ల్యాగర్: రెండు పెద్ద కుటుంబాలు

ఏ బీర్ అయినా దాదాపు ఈ రెండిట్లో ఒకదాని కిందికి వస్తుంది.

ఏల్ ఈస్ట్‌కి కాస్త వెచ్చదనం కావాలి. సుమారు 15 నుంచి 24 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. ఒకటి, రెండు వారాల్లో బీర్ సిద్ధమవుతుంది. పండ్ల వాసన, ఘాటు ఎక్కువ.

ల్యాగర్ ఈస్ట్‌కి చలి కావాలి. సుమారు 7 నుంచి 13 డిగ్రీల్లో నిదానంగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఇంకా చల్లగా కొన్ని వారాలు నిల్వ ఉంచుతారు. రుచి శుభ్రంగా, వేరే వాసనలు లేకుండా ఉంటుంది.

ల్యాగర్‌కి ట్యాంక్ ఎక్కువ రోజులు బిజీగా ఉంటుంది, కరెంటు ఖర్చూ ఎక్కువే. చిన్న బ్రూవరీలు ఏల్స్ మీద ఎక్కువ దృష్టి పెట్టడానికి ఇది ఒక కారణం.

ఒక్కో రకం రుచి ఎలా ఉంటుంది?

పిల్స్‌నర్: బంగారు రంగు, తెల్లటి నురగ, శుభ్రమైన చేదు. 1842లో ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని పిల్జెన్ ఊళ్లో జోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ దీన్ని తయారుచేశాడు. ఇప్పుడు ప్రపంచమంతా తాగే లేత రంగు ల్యాగర్లకు మూలం ఇదే. షాపు బీర్ అలవాటున్నవాళ్లు మైక్రోబ్రూవరీలో దీనితో మొదలుపెడితే తేడా సులువుగా తెలుస్తుంది.

హెఫెవైజన్: జర్మన్ వీట్ బీర్. సగానికి తగ్గకుండా గోధుమ మాల్ట్ వాడతారు. వడకట్టరు కాబట్టి మబ్బుగా ఉంటుంది. బాబాయిల డౌటుకి జవాబు ఇక్కడుంది. ఈ ఈస్ట్ పులిసేటప్పుడు ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థం తయారవుతుంది. అరటిపండులో వాసన ఇచ్చేది కూడా అదే. దాంతోపాటు లవంగం వాసన కూడా వస్తుంది. చేదు చాలా తక్కువ. కొత్తవాళ్లకు త్వరగా నచ్చేది ఇదే.

విట్ బీర్: బెల్జియం వీట్ బీర్. ఇందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మన ధనియాలే. ఈ రకం దాదాపు కనుమరుగైపోతే, 1960ల్లో హోగార్డెన్ ఊళ్లో పియెర్ సెలిస్ అనే పాల వ్యాపారి మళ్లీ బతికించాడు. తేలిగ్గా, నిమ్మచెక్క పిండినట్టు ఉంటుంది.

పేల్ ఏల్, ఐపీఏ: చేదు ఇష్టమున్నవాళ్ల బీర్. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్. పేరులో ఇండియా ఎందుకుంది? ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఇక్కడి ఇంగ్లీషువాళ్ల కోసం లండన్ నుంచి నెలల తరబడి ఓడల్లో బీర్ వచ్చేది. లండన్‌లోని బో ప్రాంతంలో హాడ్జ్‌సన్ బ్రూవరీ ఈ వ్యాపారంలో పేరు తెచ్చుకుంది. హాప్స్ ఎక్కువ వేసిన బీర్ ఆ ప్రయాణానికి తట్టుకునేది. ఇండియా కోసమే కొత్తగా కనిపెట్టారన్న కథ మాత్రం కాస్త పెంచి చెప్పింది. అలాంటి బీర్లు అంతకుముందే ఉన్నాయి. ఇప్పటి ఐపీఏల్లో మామిడి, బత్తాయి, పైన్ వాసనలు గట్టిగా వస్తాయి. ఆల్కహాల్ 6 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. మొదటి గుక్కకే నచ్చకపోవచ్చు. కాకరకాయ కూరలాగే ఇది కూడా అలవాటు మీద నచ్చే రుచి.

పోర్టర్, స్టౌట్: నల్లటి బీర్లు. పోర్టర్ 18వ శతాబ్దపు లండన్‌లో పుట్టింది. స్టౌట్‌కి డబ్లిన్ గిన్నెస్ పెట్టింది పేరు. ఆ కంపెనీ 1759లో మొదలైంది. బాగా వేయించిన బార్లీ వల్ల కాఫీ, డార్క్ చాక్లెట్ రుచి వస్తుంది. నలుపు చూసి చాలామంది ఇది మహా స్ట్రాంగ్ అనుకుంటారు. కానీ గిన్నెస్ డ్రాట్‌లో ఆల్కహాల్ సుమారు 4.2 శాతమే. షాపులో దొరికే బంగారు రంగు స్ట్రాంగ్ బీర్ కంటే చాలా తక్కువ.

సవర్, గోజా: పుల్లటి బీర్లు. గోజా జర్మనీది. ఇందులో ఉప్పు, ధనియాలు కూడా పడతాయి. ఉప్పు వేసిన నిమ్మ సోడా ఇష్టపడేవాళ్లకు దగ్గరగా ఉంటుంది.

రుచి చూడటం ఎలా?

చాలా మైక్రోబ్రూవరీల్లో టేస్టర్ ట్రే దొరుకుతుంది. నాలుగైదు చిన్న గ్లాసుల్లో ఒక్కో రకం కొద్దికొద్దిగా పోసి ఇస్తారు. పెద్ద గ్లాసు ఆర్డర్ చేసేముందు ఇది తీసుకుంటే డబ్బు వృథా కాదు.

1. వరుస ముఖ్యం. తేలికైన దానితో మొదలుపెట్టాలి. పిల్స్‌నర్, వీట్, ఆ తర్వాత ఐపీఏ, చివర్లో స్టౌట్. ఐపీఏ ముందు తాగితే ఆ చేదు నాలుక మీద ఉండిపోయి, వీట్ బీర్ నీళ్లలా అనిపిస్తుంది.
2. ముందు చూడాలి. నురగ నిలబడుతోందా? మబ్బుగా ఉందా, తేటగా ఉందా? వీట్ బీర్ మబ్బుగా ఉంటే మంచిదే. పిల్స్‌నర్ అలా ఉంటే అడగాలి.
3. తర్వాత వాసన. గ్లాసు కొద్దిగా తిప్పి వాసన చూడాలి. రుచిలో సగం పైన ముక్కుదే. జలుబు చేసినప్పుడు పులుసు రుచి తెలియదు కదా, అలాగే.
4. చిన్న గుక్క. నోరంతా తగిలేలా తిప్పి మింగాలి. తీపి ముందొచ్చిందా, చేదు ముందొచ్చిందా? మింగాక ఏ రుచి మిగిలింది?
5. మధ్యలో మంచినీళ్లు. నాలుక శుభ్రమవుతుంది, ఒంట్లో నీరు కూడా తగ్గదు.

ఇంకో విషయం. గడ్డకట్టేంత చల్లగా ఉంటే రుచి తెలియదు. ల్యాగర్ 4 నుంచి 7 డిగ్రీల్లో బాగుంటుంది. స్టౌట్ 8 నుంచి 12 డిగ్రీల్లో అయితేనే కాఫీ వాసన బయటికొస్తుంది. గ్లాసులో ఐసు ముక్కలు వేస్తే బీర్ పలచబడి, నురగ చచ్చిపోతుంది.

కొల్లేటి చేపలతో ఏది?

మనవాళ్లు తిండి లేకుండా బీర్ ముట్టరు. అదే మంచిది కూడా. ఖాళీ కడుపుతో తాగితే ఆల్కహాల్ రక్తంలోకి వేగంగా వెళ్తుంది.

- కొర్రమీను, పండుగప్ప వేపుడు: పిల్స్‌నర్. గ్యాస్, చేదు కలిసి నూనె జిడ్డుని కడిగేస్తాయి.
- రొయ్యల వేపుడు: విట్ బీర్. ధనియాలు, నారింజ వాసన రొయ్యల తీపికి బాగా కుదురుతాయి.
- చేపల పులుసు: హెఫెవైజన్. చింతపండు పులుపు, కారం మధ్యలో చేదు లేని బీరే హాయి.
- నాటుకోడి ఇగురు, నిప్పుల మీద కాల్చిన మాంసం: పోర్టర్ లేదా స్టౌట్. కాలిన అంచుల రుచికి వేయించిన బార్లీ జోడీ.
- బాగా కారం ఉన్న కూరలు: ఐపీఏ జోలికి వెళ్లకపోవడమే మంచిది. హాప్స్ చేదు, ఆల్కహాల్ రెండూ కలిసి కారాన్ని ఇంకా పెంచుతాయి.

‘బీరే కదా’.. అసలు ప్రమాదం ఇక్కడే

"మందు మానేశాను, బీరే తాగుతున్నా" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. లెక్క వేస్తే సీన్ మారిపోతుంది. సీసా సైజు మిల్లీలీటర్లలో తీసుకుని, శాతంతో గుణించి, 100తో భాగించి, 0.79తో గుణిస్తే లోపలికి వెళ్లే ఆల్కహాల్ ఎన్ని గ్రాములో వస్తుంది.

- 650 మి.లీ. స్ట్రాంగ్ బీర్, 7.5 శాతం: సుమారు 38 గ్రాములు
- 500 మి.లీ. వీట్ బీర్, 4.5 శాతం: సుమారు 18 గ్రాములు
- 330 మి.లీ. ఐపీఏ, 6.5 శాతం: సుమారు 17 గ్రాములు
- 60 మి.లీ. విస్కీ పెగ్గు, 42.8 శాతం: సుమారు 20 గ్రాములు

అంటే ఒక పెద్ద స్ట్రాంగ్ బీర్ దాదాపు రెండు పెద్ద పెగ్గులతో సమానం. లివర్ గంటకు సుమారు 7, 8 గ్రాముల ఆల్కహాల్‌ని మాత్రమే బయటికి పంపగలదు. ఒక్క స్ట్రాంగ్ సీసా పూర్తిగా దిగడానికి ఐదు గంటలు పడుతుంది. మజ్జిగ తాగినా, స్నానం చేసినా, నిమ్మకాయ నమిలినా ఆ టైమ్ తగ్గదు.

ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం 5 శాతం వరకు ఉంటే మామూలు బీర్, 5 దాటి 8 శాతం వరకు ఉంటే స్ట్రాంగ్. శాతం లేబుల్ మీద రాసి ఉంటుంది. మైక్రోబ్రూవరీ అయితే మెనూలో చూడాలి. ‘ఏబీవీ’ అని ఉంటే అదే ఆల్కహాల్ శాతం. పక్కనే ‘ఐబీయూ’ అని ఉంటే అది చేదు కొలత. దానికీ మత్తుకీ సంబంధం లేదు.

ఇక బండి సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి దొరికితే 10 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. గంట వ్యవధిలో ఒక్క స్ట్రాంగ్ బీర్ తాగితే సగటు బరువున్న మనిషి ఈ హద్దు ఎప్పుడో దాటేస్తాడు. కలిదిండి, కోరుకొల్లు, పెదలంక వైపు రోడ్లు తెలిసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. చాలాచోట్ల ఒకవైపు కాలువ, ఇంకోవైపు చేపల చెరువు, మధ్యలో ఇరుకు దారి. రాత్రిపూట చెయ్యి కాస్త తడబడితే బండి ఎక్కడికి వెళ్తుందో తెలిసిందే.

బీర్ పాడైందని ఎలా తెలుస్తుంది?

- తడిసిన అట్టపెట్టె వాసన: పాతబడింది, గాలి తగిలింది.
- స్కంక్ కంపు లాంటి ఘాటు వాసన: ఎండ తగిలింది. హాప్స్‌కి వెలుతురు పడదు. అందుకే ముదురు గోధుమ రంగు సీసాలు వాడతారు. ఆకుపచ్చ, తెల్ల సీసాలకు ఆ రక్షణ తక్కువ. ఎండలో పెట్టిన కేసు కొనకపోవడం మేలు.
- వెన్న లేదా పాప్‌కార్న్ వాసన: పులియడం పూర్తిగా అవ్వలేదు, లేదా పైపులు శుభ్రంగా లేవు.
- వెనిగర్ పులుపు: సవర్ బీర్ కాకపోతే అది పాడైనట్టే.

మైక్రోబ్రూవరీలో ఇలాంటిది వస్తే గ్లాసు మార్చమని అడగొచ్చు. మొహమాటం అక్కర్లేదు.

వీటిని మాత్రం మర్చిపోవద్దు

- ఏపీ, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు.
- యూట్యూబ్ వీడియోలు చూసి ఇంట్లో బీర్ తయారుచేయడం కుదరదు. ఎక్సైజ్ లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేస్తే కేసు అవుతుంది.
- కల్లు అయినా నమ్మకమైన గీత కార్మికుల దగ్గర, చెట్టు నుంచి దించింది దించినట్టు తీసుకోవాలి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.
- షుగర్, బీపీ, ఫిట్స్, నిద్ర మాత్రలు వాడేవాళ్లు, లివర్ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు ఏ రకం బీర్ జోలికీ వెళ్లకూడదు. నాన్ ఆల్కహాలిక్ అని రాసి ఉన్నా లేబుల్ మీద శాతం చూడాలి, కొన్నిట్లో 0.5 శాతం వరకు ఉంటుంది.
- ‘క్రాఫ్ట్’ అని ఉన్నంత మాత్రాన ఆరోగ్యానికి మంచిదని కాదు. మద్యంలో సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది.

నాలుగు రకాలు కొద్దికొద్దిగా రుచి చూసి, ఒక గ్లాసుతో ఆపి, ఇంకొకరు నడిపే బండిలో ఇంటికి వెళ్లేవాళ్లకే క్రాఫ్ట్ బీర్ సరదా. ఎన్ని సీసాలు ఖాళీ చేశామో లెక్కపెట్టుకునేవాళ్లకు స్టౌట్ అయినా స్ట్రాంగ్ అయినా మర్నాటి తలనొప్పి ఒకటే.

(గమనిక: మద్యపానం ఆరోగ్యానికి హానికరం. తాగి వాహనం నడపొద్దు. ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్యలు ఉన్నవారు డాక్టర్ సలహా తీసుకోవాలి.)